పోతుతాళ్ళ దీపావళి

దీపావళి ఇంకా ఇరవై రోజులు ఉందనగా గవర్రాజుకి అన్నం సయించడం మానేసింది.

కారణం ఒక్క మాట. కిందటేడు నలుగురి ముందూ, గొంతెత్తి, తనే అన్న మాట. "వచ్చే దీపావళికి మన పేట పిల్లలు ఎవరి గేటు ముందూ నిలబడరు. పండగ ఇక్కడే, మన మెట్ట మీదే. నేను చేయిస్తాను, చూస్తూ ఉండండి."

అనేటప్పుడు బాగానే ఉంది. అందరూ తలలూపారు. ఒకరిద్దరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఏడాది ఇట్టే గడిచిపోతుందని అప్పుడెవరికి తెలుసు?

గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త పక్కగా, ఉప్పుటేరు ఒడ్డున యాభై గడపల పేట అది. అందరూ వేట మీద బతికేవాళ్ళే. పేటకీ సముద్రానికీ మధ్య ఒక ఇసుకమెట్ట, దాని మీద తాటితోపు, తోపులో ఒక తాటాకు పాక. ఆ పాకలో ఉండే గురువుగారికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. పేటలో మాత్రం అందరూ మెట్టయ్యగారనే అంటారు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. చిన్నతనంలో దేశాలు పట్టి తిరిగి, చివరికి ఇక్కడ ఆగారు. చిరిగిన వలలు బాగుచేసి పెడతారు. ఎవరైనా ఏదైనా అడిగితే రెండు ముక్కలు చెబుతారు. అడగకపోతే ఆ రెండూ లేవు.

గవర్రాజు ఆయన దగ్గర పన్నెండేళ్ళ నుంచీ ఉన్న శిష్యుడు. నలభై ఏళ్ళవాడు. మంచివాడు. కాకపోతే, తాను మంచివాణ్ణని తనకి బాగా తెలిసిన మంచివాడు.

ఆ మాట అతను ఊరికే అనలేదు. కిందటి దీపావళి సాయంత్రం పేట పిల్లలు ఏరు దాటి, రొయ్యల చెరువుల ఆసామి మేడ దగ్గరకి టపాకాయలు చూడ్డానికి వెళ్ళారు. గేటు ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. కాపలావాడు వచ్చి నీళ్ళ గొట్టం వాళ్ళ మీదకి తిప్పాడు. పండగపూట, ఉన్న ఒక్క మంచి జతా తడిసిపోయి, పళ్ళు టకటకలాడుతూ తిరిగొచ్చిన ఆ పిల్లల్ని పడవలోంచి దింపింది గవర్రాజే. ఒక పిల్ల చేతిలో గేటు ఊచ తుప్పు ఇంకా అంటుకునే ఉంది. అది చూశాక అతనికి ఒళ్ళు మండిపోయింది.

ఈ ఏడు ఎండాకాలంలో గాలివాన వచ్చి మూడు పడవలు బద్దలయ్యాయి. పేట పెద్ద వచ్చి, "ఈ ఏడు గుమ్మంలో ఓ దీపం పెట్టుకుని ఊరుకుందామండీ. ఎవరి చేతిలోనూ ఏం లేదు" అన్నాడు.

"వీల్లేదు" అన్నాడు గవర్రాజు. "పండగ జరగాల్సిందే."

పట్నం వెళ్ళి ఇద్దరు షావుకార్లని కలిశాడు. ఒకాయన టీ ఇచ్చాడు. ఇంకొకాయన టీ కూడా ఇచ్చి, బోలెడన్ని సలహాలు కలిపి ఇచ్చాడు. తిరిగొస్తూంటే దారిలో ఇటుకబట్టీ తాతారావు పిలిచి కూర్చోబెట్టాడు.

"మీ మెట్ట మీద పద్నాలుగు పోతుతాళ్ళున్నాయి కదండీ. కాయా కాయవు, పండూ పండవు. కల్లుగీతగాళ్ళు కూడా వాటిని వదిలేసి ఏళ్ళయింది. ఎందుకండీ మీకవి? నాకు బట్టీలోకి దుంగలు కావాలి. మీకు పండగ కావాలి. ఓ ట్రాలీ నిండా టపాకాయలు పంపుతాను. ఈ చుట్టుపక్కల ఎవరూ కాల్చనన్ని పంపుతాను. పండగ వెళ్ళాక రంపం పెట్టుకుంటాను. ఏమంటారు?"

గవర్రాజు ఇంచుమించు పరిగెత్తుకుంటూ మెట్ట ఎక్కాడు.

మెట్టయ్యగారు వల ముందేసుకుని కూర్చున్నారు. శిష్యుడు చెప్పిందంతా విన్నారు. చేతిలో వల అల్లే కండె ఆగలేదు.

"ఏమంటారండీ?" అన్నాడు గవర్రాజు.

"మెట్ట చూసుకునేది నువ్వే కదా. చెట్లూ నువ్వే చూసుకో."

"అంటే, ఒప్పుకోమంటారా?"

ఆయన వలలో ఇంకో ముడి వేసి బిగించారు. కాసేపయ్యాక, "అన్నట్టు, వాటికింద గులకలు పడున్నాయి. ఓ తట్టెడు ఏరుకురా" అన్నారు.

పోతుతాడంటే మగ తాటిచెట్టు, కాయదు కానీ పూస్తుంది. మూర పొడుగున, వేళ్ళు చాపినట్టు వేలాడే కంకులు వేస్తుంది. వాటినే గులకలంటారు. ఎండాకాలంలో పూసి, ఎండి, కొన్ని మట్టల్లోనే ఉండిపోతాయి, కొన్ని రాలి ఇసకలో పడుంటాయి. ఎవరూ వంగి తీసేవి కావవి. మహా అయితే పొయ్యిలోకి పనికొస్తాయి.

గురువు చెప్పారు కాబట్టి ఏరాడు. మనసంతా ట్రాలీ మీదే ఉంది.

మెట్టయ్యగారు వాటిని మూడు రోజులు ఎండబెట్టించారు. నాలుగో రోజు పొద్దున్నే పాక వెనక మోకాలిలోతు గొయ్యి తీయించి, అందులో గులకలు పేర్చి నిప్పు పెట్టారు. మంట తగ్గి, కంకులన్నీ ఎర్రగా కణకణలాడేటప్పుడు పైన పచ్చి తాటాకులు కప్పి, ఆపైన తడి ఇసక మెత్తారు. ఎక్కడా పొగ రాకుండా అరచేత్తో అదిమారు.

"రేపు ఈ వేళకి తియ్యి" అన్నారు.

"ఇదేంటండీ?"

"బొగ్గు."

"దేనికండీ?"

"పండక్కి."

అప్పుడు గుర్తొచ్చింది గవర్రాజుకి. చిన్నప్పుడు వాళ్ళ తాత తలచుట్టూ తాడు గిర్రున తిప్పుతుంటే బంగారు రవ్వలు రాలడం లీలగా జ్ఞాపకం. రవ్వల పొట్లం అనేవాళ్ళు. కొనే టపాకాయలొచ్చాక ఆ సంగతే అందరూ మరిచిపోయారు. 'బాగానే ఉంది, కానీ బొగ్గుపొడితో పండగంటే పిల్లలు నవ్వరూ?' అనుకున్నాడు.

అనుకున్నవాడు ఊరుకున్నాడా? మధ్యాహ్నానికే గొయ్యి దగ్గరకి వెళ్ళి కూర్చున్నాడు. లోపల కాలిందో లేదో, సరిగ్గా అవుతుందో లేదో. ఒక్క మూల, ఒక్క వేలంత, ఇసక పక్కకి తీసి చూశాడు. సన్నగా పొగ వచ్చింది. కంగారుపడి మళ్ళీ మూశాడు. మూశాననుకున్నాడు. గాలికి అంత సందు చాలు.

మర్నాడు తీసి చూస్తే గొయ్యి నిండా తెల్లటి బూడిద. ఒక్క నల్లముక్క లేదు.

మెట్టయ్యగారు వచ్చి చూశారు. వంగి ఓ చిటికెడు బూడిద తీసి నుదుట మూడు వేళ్ళతో రాసుకున్నారు.

"విభూతికి బాగుంది" అని, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు.

తిట్టినా బాగుండేది. గవర్రాజు అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఇంకా పదిరోజులే ఉంది. కిందపడ్డ గులకలన్నీ అయిపోయాయి. చేతిలో ఉన్నది బూడిద. పేటలో కనబడ్డ పిల్లలందరూ ఒక్కటే అడుగుతున్నారు, "పండగ మన మెట్ట మీదే కదండీ?" అని. ఆ మధ్యాహ్నమే అతను ఎవరికీ చెప్పకుండా బట్టీకి వెళ్ళి తాతారావుకి మాటిచ్చేశాడు.

"శుభం" అన్నాడు తాతారావు. "పండగనాడు మధ్యాహ్నానికి ట్రాలీ మీ మెట్ట దగ్గరుంటుంది."

మాటిచ్చి వచ్చినవాడికి గుండె తేలికపడాలి కదా. పడలేదు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఖాళీ తట్ట కనబడింది. మెట్టయ్యగారు పెట్టిందే. దాని పక్కన చెట్టెక్కే మోకు కూడా చుట్టి పెట్టి ఉంది.

వద్దని చెప్పొచ్చు. మాటిచ్చేశానండీ, ఇంకెందుకండీ ఇవన్నీ అనొచ్చు. మోకు తీసుకుని చెట్టెక్కాడు.

నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి తాటిచెట్టెక్కడం అంటే మాటలు కాదు. మొదటి చెట్టుకి రొమ్ము గీరుకుపోయింది. రెండోదానికి మోచేతులు. మూడో చెట్టు మొవ్వులో తేనెపట్టంత కందిరీగల గూడు ఎదురైంది, సగం ఎత్తునుంచి జారిపోయాడు. మళ్ళీ ఎక్కాడు. రోజుకి మూడు చెట్ల చొప్పున పద్నాలుగూ ఎక్కాడు. పన్నెండేళ్ళుగా ఆ తోపులోనే ఉంటున్నాడు కానీ, ఏ చెట్టు ఏ పక్కకి వంగిందో, ఏ చెట్టు పైనుంచి చూస్తే పేట కప్పులన్నీ కనబడతాయో అతనికి ఇప్పుడే తెలిసింది. తెలిసినకొద్దీ లోపల ఏదో కలుక్కుమంటూ ఉంది.

ఒక గొయ్యి నిండా గులకలు చేరగానే, తక్కిన చెట్లు ఎక్కుతూనే దాన్ని రాజేశాడు. ఈసారి ఇసక మెత్తాక అక్కడే చాప వేసుకుని కూర్చున్నాడు. చెయ్యి ఇసక మీద పెట్టుకునే కూర్చున్నాడు, వేడి ఉందో తగ్గిందో తెలియడానికి. ఒక్క వేలంత కూడా తవ్వలేదు. మర్నాడు తీస్తే నల్లగా నిగనిగలాడుతూ, ముట్టుకుంటే గలగలమంటూ బొగ్గు తేలింది.

అతని ముఖం చూసి మెట్టయ్యగారు నవ్వారు. "ఇక గుడ్డలు కావాలి. పాతవి, నూలువి. పేటలోకెళ్ళి అడుక్కురా" అన్నారు.

అదిగో, అది కష్టమైంది. ట్రాలీడు టపాకాయలు తెచ్చి పంచిపెడదామని కలలు కన్న మనిషి, చంకలో సంచి, చేతిలో బొగ్గుపొడి డబ్బా పెట్టుకుని గడప గడపకీ పాతగుడ్డలు అడగాలి. ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"ఏంటండోయ్, టపాకాయలిత్తారనుకుంటే పాతగుడ్డలడుగుతున్నారు? గిన్నెలేవన్నా ఇత్తారేంటండీ వీటికి?" అంది ఒకావిడ. వీధంతా గొల్లుమంది.

గవర్రాజు చెవులు ఎర్రబడ్డాయి. అయినా కదల్లేదు. "రవ్వల పొట్లాలకండీ" అన్నాడు.

నవ్వు ఆగింది. అరుగు మీద చేపలు బాగుచేస్తున్న కాసులమ్మ తలెత్తింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె భర్త వేటకెళ్ళి రాలేదు, తొమ్మిదేళ్ళయింది.

"ఏవన్నావయ్యా?"

"రవ్వల పొట్లాలండీ. గులకల బొగ్గుతో."

ఆమె చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, పెట్టె అడుగునుంచి మడత పెట్టిన పంచె ఒకటి తెచ్చింది. ఎన్నిసార్లు ఉతికారో, మెత్తగా, పల్చగా ఉంది.

"ఆయనదండీ" అంది.

"వద్దులెండి కాసులమ్మగారూ. చినిగిందేదన్నా ఉంటే..."

"పెట్లో పెట్టుకుని ఏం చేసుకుంటాను? చిమ్మెట్లు కొడతన్నాయి. రవ్వలై రాలితే పిల్లలన్నా సూత్తారు." అంటూనే అతని చేతిలోని డబ్బా మూత తీసి, అందులో నలగ్గొట్టిన బొగ్గు వేళ్ళతో నలిపి చూసింది. "ఓర్నాయనో! పిండి కొట్టేశావేంటయ్యా? ఇది రాలదు, మసి అవుద్ది. ఉప్మా రవ్వలాగుండాలి. ఉప్పేశావా?"

"ఉప్పేంటండీ?"

కాసులమ్మ అరుగు దిగింది. "పదవే పిల్లల్లారా. ఈయన్ని నమ్ముకుంటే పండగ అయినట్టే."

ఆ రోజునుంచి మెట్ట మీద పని మారిపోయింది. ముసలాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఒకరికి ఉప్పు పాళ్ళు గుర్తు, ఒకరికి మూట బిగించే తీరు గుర్తు. బొగ్గురవ్వ, కల్లుప్పు, కాస్త ఊక కలిపి గుడ్డలో కూరి, చెయ్యి మందాన పొట్లం కట్టి, పైన పేడ పూసి ఎండబెట్టాలి. ఎండాక తాటిమట్ట బద్దల మధ్య ఇరికించి, పొడుగాటి తాడు కట్టాలి. తాళ్ళు పాత వలలనుంచి తీసినవే. మగవాళ్ళు అవి పేనుతూ కూర్చున్నారు. పిల్లలు ఏటి ఒడ్డు నల్లమట్టి తెచ్చి ప్రమిదలు చేశారు. కొన్ని ప్రమిదల్లా ఉన్నాయి, కొన్ని చెప్పుల్లా ఉన్నాయి. అన్నీ కాల్చారు. తోపు వెనకున్న కానుగచెట్ల గింజలు ఇంటింటా ఎప్పుడూ ఉండేవే, నూనెకి లోటు లేదు. పండగ పూట తినడానికి తాటిబెల్లమూ కొబ్బరీ కలిపి ఉండలు చేద్దామని ఎవరో అన్నారు, ఎవరో కొబ్బరికాయలు తెచ్చి పడేశారు.

మూడు పడవలు బద్దలైన దగ్గర్నుంచి పేటలో అంతమంది ఒక్కచోట నవ్వుతూ కూర్చోవడం అదే మొదలు.

గవర్రాజుకి మాత్రం నవ్వు రాలేదు. ప్రతి పొట్లం బిగిస్తున్నప్పుడూ తాతారావు గుర్తొచ్చేవాడు. వెళ్ళి వద్దని చెప్పేద్దామని రెండుసార్లు మెట్ట దిగాడు. రెండుసార్లూ సగం దారినుంచి తిరిగొచ్చాడు. పొట్లాలు సరిగ్గా రాలకపోతే? మబ్బులు పట్టి పేడపూత ఆరడం లేదు. ఒక్కటి కూడా వెలిగించి చూసింది లేదు. నమ్మించి, ఆశపెట్టి, చివరికి చీకట్లో మసిమూటలు చేతికిస్తే ఆ పిల్లల ముఖం ఎలా చూడాలి? ట్రాలీ రానీ, అదొక ధైర్యం అనుకునేవాడు. అలా అనుకున్న ప్రతిసారీ సిగ్గేసేది.

దీపావళి వచ్చింది. మబ్బు విడిచి మంచి ఎండ కాసింది. మధ్యాహ్నం దాటాక, పిల్లలు ఆరిన పొట్లాలు వరసగా పేరుస్తూంటే మెట్ట కింద హారన్ మోగింది.

ట్రాలీ ఆటో. నిండా అట్టపెట్టెలు. పెట్టెల మీద రంగు రంగుల బొమ్మలు. పిల్లలు పొట్లాలు అక్కడే వదిలేసి పరిగెత్తారు. వాళ్ళ కేకలకి పేటంతా బయటకొచ్చింది.

ఆటో నడిపే ఏసుబాబు దిగి, వెనకనుంచి సున్నం బకెట్టూ కుంచే తీశాడు.

"పెట్టెలు దింపేముందు చెట్లు చూపించేయండి గవర్రాజుగారూ. ఏవి కొట్టాలో వాటికి బొట్టు పెట్టుకు రమ్మన్నారండి మా అయ్యగారు. రేప్పొద్దున్నే రంపం వాళ్ళొత్తారు."

పేట వాళ్ళకి ఒక్కసారిగా అర్థమైంది. అందరూ గవర్రాజునే చూస్తున్నారు. పిల్లలు పెట్టెల్ని చూస్తున్నారు.

మాటిచ్చాడు. అవతల పిల్లలు. గవర్రాజు సముద్రంవైపు వరసలో మొదటి చెట్టు దగ్గరకి నడిచాడు.

"ఇది కాయదా అండీ?" అన్నాడు ఏసుబాబు.

"కాయదు."

కుంచె తెల్లటి బొట్టు పెట్టింది.

"ఇదండీ?"

"కాయదు."

మూడో చెట్టుకీ పెట్టారు. నాలుగోదాని వైపు తిరిగేసరికి దాని పక్కన మెట్టయ్యగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకున్నారు. వీపు నిటారుగా పెట్టి, చేతులు రెండూ కిందకి వదిలి, చెట్టు వరసలో ఇంకో చెట్టులా నిలబడ్డారు.

"దీనికీ ఒక బొట్టు పెట్టు నాయనా" అన్నారు.

ఏసుబాబుకి అర్థం కాలేదు. "ఏంటండీ?"

"డెబ్బై రెండేళ్ళయింది. ఒక్క కాయ కాయలేదు. బట్టీకి పనికొస్తుందేమో మీ అయ్యగారిని అడుగు."

ఏసుబాబు చేతిలో కుంచె ఆగిపోయింది. సున్నం బొట్లుబొట్లుగా అతని పాదం మీద పడుతోంది. నవ్వాలో, దణ్ణం పెట్టాలో తెలియక గవర్రాజు వంక చూశాడు. గవర్రాజు నేలవంక చూస్తున్నాడు.

మెట్టయ్యగారే చెయ్యి చాపి కుంచె తీసుకున్నారు. తన రొమ్ము మధ్య అడ్డంగా ఒక్క గీత గీసుకున్నారు. తర్వాత ఆ కుంచెని, పెళ్ళీ పిల్లలూ లేని నలభై ఏళ్ళ శిష్యుడి చేతిలో పెట్టారు.

"ఆ తర్వాతది ఏదో నువ్వు చెప్పు."

గవర్రాజు కుంచెని బకెట్టులో పెట్టేశాడు. తన పైబట్ట తీసి, మూడో చెట్టు దగ్గరకి వెళ్ళి, తడి ఆరని ఆ బొట్టు తుడవడం మొదలెట్టాడు. తాటిబెరడు మీద సున్నం అంత తేలిగ్గా పోదు. గోళ్ళతో గీకాడు. రెండోది తుడిచాడు. మొదటిది తుడిచాడు. పైబట్ట తెల్లగా అయిపోయింది, వేళ్ళు మండుతున్నాయి.

తర్వాత ఆటో దగ్గరకి వచ్చాడు. "దింపకు ఏసుబాబూ. నేనూ వస్తాను, పద."

"అయ్యగారు ఊరుకోరండీ."

"ఊరుకోకూడదు. మాటిచ్చింది నేను, తప్పుతున్నది నేను. ఆ తిట్లు నువ్వెందుకు పడాలి?"

సత్తెమ్మ అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఒక పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. "ఈ పెట్టెలు మనయ్యి కాదాండీ?"

ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల కళ్ళలోకి చూశాడు.

"కాదమ్మా. మనవి కానివి మనవనుకునేలా చేశాను. తప్పు నాదే."

ఆ పిల్ల చెయ్యి తీసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ ఏడవలేదు. అదే అతనికి ఇంకా బాధనిపించింది. ఆటో ఎక్కి కూర్చున్నాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

తాతారావు ఊరికే వదల్లేదు. కూలీలందరి ముందూ నిలబెట్టి అడిగాడు. "మాట మీద నిలబడలేనివాడివి, పన్నెండేళ్ళు ఆ గురువు దగ్గర ఏం నేర్చుకున్నావయ్యా? బొగ్గుమూటలు కట్టడమా?"

"ఇప్పటికి అదేనండీ" అన్నాడు గవర్రాజు. వెటకారానికి అనలేదు. నిజమే చెప్పాడు. చేతులు జోడించి, క్షమించమని అడిగి, తలొంచుకుని బయటకొచ్చాడు.

తిరిగి నడక. ఆరు కిలోమీటర్లు. సగం దారిలోనే పొద్దు గుంకింది. ఏటి అవతల రొయ్యల ఆసామి మేడ దగ్గర అప్పుడే టపాకాయలు మొదలయ్యాయి. ఢాం ఢామ్మని చెవులు చిల్లులు పడేటట్టు మోత. ఆకాశంలో ఎర్రగా పచ్చగా ఏవో విచ్చుకుంటున్నాయి. గవర్రాజు అటు చూడలేదు. చెవులు రిక్కించి మెట్టవైపు విన్నాడు.

మెట్టవైపు ఏ చప్పుడూ లేదు.

ఇంకాస్త నడిచి మళ్ళీ ఆగాడు. ఏమీ లేదు. అయిపోయింది అనుకున్నాడు. పొట్లాలు అంటుకుని ఉండవు. ముసలాళ్ళు నచ్చచెప్పి పిల్లల్ని ఇళ్ళకి తీసుకుపోయి ఉంటారు. లేకపోతే వాళ్ళు మళ్ళీ ఏరు దాటి ఉంటారు. ఒక్క నిమిషం గట్టు మీద కూలబడ్డాడు. అయినా లేచాడు. వెళ్ళి ఆ పిల్లలకి ముఖం చూపించాలి, తిట్టినా కొట్టినా పడాలి. పళ్ళు బిగించి నడిచాడు. వెనకదారిన, ఇసకలో పాదాలు దిగబడుతుంటే, చేతులు ఆనించి మెట్ట ఎక్కాడు.

పైకెక్కి చూశాడు.

చప్పుడు లేదు కానీ వెలుగుంది. తోపు పొడుగునా, తాటి బోదెల మధ్య, పెద్ద పెద్ద బంగారు చక్రాలు తిరుగుతున్నాయి. ఒక్కో చక్రం కింద ఒక్కో మనిషి. తాడు గిర్రుమంటుంటే రవ్వలు జల్లుగా నేల మీదకి రాలి, ఇసకలో పొర్లి ఆరిపోతున్నాయి. ఉప్పురాళ్ళు చిటపటమంటున్నాయి, అంతే మోత. దగ్గరగా ఉన్నవాళ్ళకే వినబడుతుంది. నేలంతా మట్టి ప్రమిదలు. ఏరు దాటిన పిల్లలు ఒక్కరూ లేరు. సత్తెమ్మ పొట్లం చిన్నది, ఆ పిల్లకి తగ్గట్టే కట్టారు. తాడు తిప్పుతూ, తన రవ్వల కింద తనే కేకలేస్తోంది.

వాళ్ళ మధ్యలో కాసులమ్మ. చీర నడుముకి బిగించి దోపి, డెబ్బై ఏళ్ళ చెయ్యి తలపైకెత్తి, ఎవరినీ పట్టుకోనివ్వకుండా తన పంచె పొట్లం తానే తిప్పుతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ వెలుగులో తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

ఎవరూ గవర్రాజు కోసం ఆగలేదు. తను లేకుండానే మొదలైంది, తను లేకుండానే సాగుతోంది. ఒక్క నిమిషం క్రితం దాకా అంత బరువు మోసిన మనిషి, ఏం చెయ్యాలో తెలియక చేతులు వేలాడేసుకుని చూస్తూ ఉండిపోయాడు.

మెట్టయ్యగారు పాక ముందు నిప్పుల కుంపటి పెట్టుకుని కూర్చున్నారు. పొట్లాలకి నిప్పు అంటించి ఇచ్చే పని ఆయనదే. రొమ్ము మీద సున్నం గీత అలాగే ఉంది. పక్కన ఒకే ఒక్క పొట్లం మిగిలి ఉంది.

గవర్రాజు వెళ్ళి ఆయన ముందు మోకరిల్లాడు.

"అయ్యగారూ, బొగ్గు బూడిదైన రోజునే నేను వెళ్ళి మాటిచ్చేశానండీ. మీకు చెప్పకుండా. వాళ్ళందరూ ఇక్కడ పని చేస్తూంటే, నేను లోపల..."

మెట్టయ్యగారు పట్టకారుతో ఒక నిప్పుకణిక తీసి పొట్లం నెత్తిన పెట్టారు. ఉఫ్‌మని ఊదారు. ఎర్రటి చుక్క ఒకటి గుడ్డలోకి దిగింది.

"వాళ్ళ నమ్మకం మీద నిలబడకుండా నేను..."

తాడు అతని చేతుల్లో పెట్టారు.

"అంటుకుంది" అన్నారు. "ఆగితే ఆరిపోద్ది. తిప్పు."

గవర్రాజు లేచి నిలబడి, రెండు చేతులతో తాడు బిగించి పట్టుకుని, తలచుట్టూ తిప్పాడు. మొదట పొగ వచ్చింది. ఇంకా బలంగా తిప్పాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.